మూడు షిఫ్టుల అధ్యక్షులు

భిలాయి, సెక్టర్ 4
9 సెప్టెంబరు 2001

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు ఎవాంజెలిన్‌కు,

మీ మావయ్య సొలొమోను దీవించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పులు కూడా క్షేమంగానే ఉన్నాయి.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఎస్టీడీ బూత్‌లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను వినాలి. ఉత్తరంలో నేను మాట్లాడతాను, నువ్వు వినాలి. నాకు ఇదే బాగుంది.

నీకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చిందని మా చెల్లెలు, అంటే మీ అమ్మ వెరోనికా, రాసింది. సంఘాలు ఎలా నడవాలో, నాయకులు ఎలా మెలగాలో, జనాన్ని ఎలా కలుపుకుపోవాలో, రాబోయే ఏళ్ళకి ప్రణాళిక ఎలా వేసుకోవాలో నేర్పే ఉద్యోగమట. నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు నలుగురు పిల్లల్ని కూడగట్టి దాగుడుమూతలు ఆడించలేక ఏడ్చినదానివి నువ్వేనా?

నవ్వు అయిపోయింది కాబట్టి అసలు సంగతి. మా తెలుగు మిత్ర సంఘం నీకు తెలుసు. నువ్వు ఆరో ఏట క్రిస్మస్‌కి గొర్రెపిల్ల వేషం వేసింది ఆ గదిలోనే. ఉక్కు ప్లాంటువాళ్ళు ఒక ఖాళీ క్వార్టరు మాకు ఇచ్చారు. ఆరు వందల తెలుగు పుస్తకాలు, రెండు బీరువాలు, మూడు రోజులు ఆలస్యంగా వచ్చే విశాఖ పేపరు, ఒక పంకా. ఇరవై మూడేళ్ళుగా కార్యదర్శిని నేనే. రైలు పట్టాల మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను గానీ దీంట్లో కాలేదు.

నిరుడు భోపాల్ నుంచి విడిపోయి మాకు కొత్త రాష్ట్రం వచ్చింది. పాత రిజిస్ట్రేషన్ భోపాల్‌ది, చెల్లదు. క్వార్టర్లు చూసే ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. జనవరి 31 లోగా మేము ఎన్నికైన కమిటీ పేర్లు, మూడేళ్ళ ప్రణాళిక, గదిని జనం వాడుకుంటున్నారన్న రుజువు ఇవ్వాలి. లేకపోతే గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

ఆ గది పోతే నేను సాయంత్రాలు ఏం చేయాలో నాకు తెలియదు. అదలా ఉంచు. ప్రణాళిక ఎలా రాయాలో చెప్పు. తొందరగా చెప్పు.

మీ మావయ్య,
ఎం. సొలొమోను
కార్యదర్శి, తెలుగు మిత్ర సంఘం (1978 నుంచి)

—

విశాఖపట్నం
21 సెప్టెంబరు 2001

మావయ్యకి నమస్కారాలు, అత్తయ్య మోకాళ్ళకి కూడా.

దాగుడుమూతల్లో నేను ఏడ్చింది పిల్లలు రాక కాదు. నేను దొంగగా ఉన్నప్పుడు మీరు వాళ్ళందరినీ గోనెసంచుల వెనక దాచేసి, నన్ను వెతకనిచ్చి, వెనకనుంచి పకోడీలు పెట్టి పంపించేశారు. చరిత్ర సరిగా రాయండి.

మీ ఉత్తరం మా మేడమ్‌కి చూపించాను. ఇది నీ మొదటి పరీక్ష అనుకో, ఈ సంఘాన్ని నిలబెట్టు అన్నారు. కాబట్టి మీ గది పోతే నా పరువూ పోతుంది. ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం, చెప్పినట్టు వినండి.

మొదట ఒక పెద్ద కాగితం తీసుకోండి. మధ్యలో సంఘం. చుట్టూ దానితో సంబంధం ఉన్న వాళ్ళ పేర్లు. తరచుగా వచ్చేవాళ్ళని దగ్గరగా, ఎప్పుడో వచ్చేవాళ్ళని దూరంగా రాయండి. దాంతో మన బలం ఎక్కడుందో తెలుస్తుంది. ఇది మీకోసమే, ఎవరికీ చూపించక్కర్లేదు.

రెండోది, గదికి రోజూ ఎంతమంది వస్తున్నారో రిజిస్టరు ఉంటుంది కదా, గడచిన రెండేళ్ళ లెక్క నాకు పంపండి. అదే మన రుజువు.

మూడోది అన్నిటికంటే కష్టం. నాయకుడు సమావేశంలో చివర మాట్లాడాలి. ముందు వినాలి. మీరు ముందు మాట్లాడితే ఇంకెవరూ మాట్లాడరు. ఈ సంగతి మా అమ్మ కూడా ఒప్పుకుంది.

ఉంటాను,
మీ గొర్రెపిల్ల ఎవాంజెలిన్

—

భిలాయి
7 అక్టోబరు 2001

చిరంజీవి గొర్రెపిల్లకు మావయ్య దీవెనలు.

పకోడీల సంగతి నేను మరిచిపోయాను. నువ్వు మరిచిపోతే బాగుండేది.

నువ్వు చెప్పిన బొమ్మ వేశాను. ఫోర్‌మన్ వేసిన బొమ్మ, ఆషామాషీగా ఉండదు. మిల్లులో డ్రాయింగులు వేసే షీటు మీద, స్కేలుతో, వృత్తాలు గీసి, ఎనభై పేర్లు రాశాను. మధ్యలో సంఘం, దాని పక్కన నా పేరు. ఆ తర్వాత చాలా ఖాళీ వచ్చింది, మిగతా పేర్లన్నీ షీటు అంచులకి పోయాయి. ఖాళీ బాగుండదని ఉత్తర దిక్కు గుర్తు, తేదీ, నా సంతకం, కొలత పట్టిక వేశాను. చాలా అందంగా వచ్చింది. అందంగా వచ్చినదాన్ని లోపల పెట్టుకోవడం దేనికని గది బయట నోటీసు బోర్డుకి అంటించాను.

అదే కొంప ముంచింది.

బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసే అప్పలకొండ మార్కెట్టుకి పోతూ చూశాడు. అతని పేరు కింద కుడి మూలలో ఉంది, ఎందుకంటే అతను గది మొహం చూసి నాలుగేళ్ళయింది. సంచీ అక్కడే పడేసి నా ఇంటికొచ్చాడు. "ఏటి ఫోర్‌మన్ గారూ, నన్ను కాయితం మూలకి గెంటీసినారు? నానేటి పాపం సేసినాను?" అన్నాడు. పాపం కాదు, హాజరు అన్నాను. "మరి మీ పేరు నడిమధ్యన ఏల రాసీసుకున్నారు?" అన్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు. రోజూ పదిమంది ఆ బోర్డు ముందు నిలబడి తమ పేరు వెతుక్కుని, తిట్టుకుంటూ పోతున్నారు. నీ పద్ధతి బ్రహ్మాండంగా ఉంది.

రిజిస్టరు గురించి తర్వాత రాస్తాను. దాని అట్ట ఊడింది, కుట్టించాలి.

ఎం. సొలొమోను, కార్యదర్శి

ఎవా, అత్తయ్య రాస్తున్నాను. మీ మావయ్య పోస్టు చేయమని ఇచ్చిన కవరు నేను విప్పాను, ఆయనకి చెప్పకు. రిజిస్టరు అట్ట బాగానే ఉంది. ఆయనకి మాత్రం బాగాలేదు. రోజూ ఐదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని తాళం చెవి పట్టుకుని పోతారు, ఏడింటికి వస్తారు. ఎవరొచ్చారని అడిగితే కోపం. – విమలకుమారి

—

విశాఖపట్నం
18 అక్టోబరు 2001

మావయ్యా,

బోర్డుకి అంటించమని నేను ఎప్పుడు చెప్పాను? ఆ ఉత్తరం మేడమ్‌కి చదివి వినిపిస్తే ఆవిడ టీ ఒలకబోసుకున్నారు. తర్వాత మాత్రం, "రోజూ పదిమంది గది ముందుకి వస్తున్నారంటే చిన్న విషయమా?" అన్నారు. కాబట్టి బొమ్మ తియ్యకండి. తిట్టుకునేవాళ్ళకి ఇంకా ఆ గది మీద మమకారం ఉన్నట్టే.

అప్పలకొండగారు మీ పదవికి పోటీ వస్తున్నారని నాకు అర్థమైంది. రానివ్వండి. పోటీని చూసి భయపడకండి, పిలవండి.

ఇప్పుడు బహిరంగ సభ పెట్టండి. మూడే మాటలు గుర్తుంచుకోండి. నాకు ఆ టైముకి కుదరలేదని ఒక్కరు కూడా అనడానికి వీల్లేదు. వచ్చినవాళ్ళు ఉత్తినే కూర్చుని వెళ్ళకూడదు, అజెండాలో ఉన్నవన్నీ వాళ్ళే తేల్చాలి. మీరు చివర మాట్లాడాలి.

రిజిస్టరు అట్ట లేకపోయినా ఫర్వాలేదు, లోపలి కాగితాల లెక్క చాలు.

ఎవా

—

భిలాయి
12 నవంబరు 2001

చిరంజీవి ఎవాకు,

సభ నిన్న ఆదివారం జరిగింది. నువ్వు చెప్పిన మూడు మాటలూ అక్షరాలా పాటించాను. జరిగింది చదివి నన్ను అనకు.

ఎవరికీ కుదరలేదని అనకూడదన్నావు. ఇది ఉక్కు ఊరమ్మా. ఇక్కడ ఏ గంట చూసినా మూడో వంతు మంది డ్యూటీలో ఉంటారు, మూడో వంతు నిద్రలో ఉంటారు. అందరికీ కుదిరే గంట దేవుడు కూడా సృష్టించలేదు. మా అబ్బాయి ఇమ్మాను ఒకే ఇంట్లో ఉండి కూడా వారానికి రెండుసార్లే నా కంటబడతాడు. అందుకని ఒకే సభని మూడు షిఫ్టుల్లో పెట్టాను. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళకి ఉదయం ఏడున్నరకి. రెండో షిఫ్టుకి వెళ్ళాల్సినవాళ్ళకి పదకొండింటికి. మొదటి షిఫ్టు చేసి పడుకుని లేచినవాళ్ళకి సాయంత్రం ఐదింటికి. మూడింటికీ ఒకటే అజెండా, నేను టైపు కొట్టించినది.

పొద్దున్న సభలో పందొమ్మిది మంది. అందరూ టిఫిను డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు. పిల్లలకి ట్యూషన్లు చెప్పే సత్యలక్ష్మి టీ కాచి తెచ్చి ఒక్కొక్కరినీ తట్టి లేపింది. ఆమె అజెండా చదివింది, ఆమే చర్చించింది. ఆమె ఏమందంటే, మన ముసలివాళ్ళకి కొత్త రాష్ట్రం హిందీ ఫారాలు నింపడం రాదు, మన పిల్లలకి తెలుగు అక్షరం రాదు, ఇద్దరినీ ఒక బల్లకి చెరోవైపు కూర్చోబెడితే ఇద్దరి పనీ అవుతుంది. చాలా మంచి మాట. నేను చెప్పబోయి చివర మాట్లాడాలి కదా అని ఊరుకున్నాను. నాలుగో అంశం అధ్యక్ష ఎన్నిక. మెలకువగా ఉన్నది ఆమె ఒక్కతే కాబట్టి ఆమెనే ఎన్నుకున్నారు.

పదకొండు గంటల సభకి ఇరవై మూడు మంది. అజెండాలో ఉన్నవన్నీ వచ్చినవాళ్ళే తేల్చాలని నువ్వన్నావు కదా, నాలుగో అంశం మళ్ళీ వచ్చింది. పక్కనున్న భిలాయి-3 నుంచి వచ్చిన రిటైర్డు రైల్వే గార్డు గురునాథరావుని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆంధ్రా బండ్లకి రిజర్వేషను ఫారాలు గదిలోనే నింపిపెడతానన్నాడు.

సాయంత్రం ముప్ఫై ఒక్కమంది. అప్పలకొండ పదకొండు మందిని వెంటబెట్టుకొచ్చాడు, వాళ్ళందరూ నా బొమ్మలో అంచుల్లో ఉన్నవాళ్ళే. "కాయితంలో మూలకి గెంటీసినారు గాని గదిలో గెంటలేరు గదా" అని పక్కవాళ్ళతో అంటూ మొదటి వరసలో కూర్చున్నాడు. అతన్ని ఎన్నుకున్నారు.

ఇప్పుడు సంఘానికి ముగ్గురు అధ్యక్షులు.

నేను మూడు సభల్లోనూ నోరు విప్పలేదు. పొద్దున్న సభవాళ్ళు నాకు గొంతు పట్టేసిందనుకున్నారు. మధ్యాహ్నానికి పక్షవాతం అన్న వార్త పాకింది. సాయంత్రం సభలో ముందుగా నా ఆరోగ్యం కోసం ప్రార్థన చేశారు, గురునాథరావు భార్య అయితే సింహాద్రి అప్పన్నకి కూడా మొక్కుకుంది. నేను చివర మాట్లాడడానికి లేచేసరికి అప్పలకొండ వందన సమర్పణ చేసేశాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి నా మాట లేకుండా సభ ముగిసింది.

నువ్వు సంతోషించు. నేను పడుకుంటాను.

సొలొమోను, కార్యదర్శి

—

విశాఖపట్నం
22 నవంబరు 2001

మావయ్యా,

ముగ్గురు అధ్యక్షులా! నేను మూడుసార్లు సభ పెట్టమన్నానా? పెట్టినా, ఎన్నిక ఒక్కసారే చేసి ఓట్లు కలపాలని తెలియదా? మేడమ్ ఈసారి టీ ఒలకబోసుకోలేదు, గ్లాసే పక్కన పెట్టేశారు. ఆ ఆఫీసువాళ్ళు కాగితం చూడగానే తిప్పి పంపుతారు. వెంటనే నాలుగో సభ పెట్టి ఒక్కరిని తేల్చండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ముప్ఫై ఏళ్ళు మిల్లు నడిపిన ఫోర్‌మన్‌కి ఇంత చిన్న సంగతి తట్టకపోవడం నేను నమ్మలేకపోతున్నాను. ముగ్గురు అధ్యక్షులుంటే వాళ్ళు కొట్టుకుంటారు, పెత్తనం మళ్ళీ కార్యదర్శి చేతిలోనే ఉంటుంది. రిజిస్టరు కూడా అందుకే పంపడం లేదేమో. మీరు ఆ కుర్చీ వదలలేకపోతే ఆ మాట నాకు నేరుగా చెప్పండి.

ఎవాంజెలిన్

—

భిలాయి
3 డిసెంబరు 2001

ఎవాంజెలిన్ గారికి,

మీ ఉత్తరం చేరింది.

మీరడిగిన లెక్క పంపుతున్నాను. గడచిన రెండేళ్ళలో గది తెరిచిన రోజులు ఏడు వందల పన్నెండు. సంతకాలు ఏడు వందల ముప్ఫై ఒకటి. అందులో ఏడు వందల పన్నెండు నావి. మిగతా పందొమ్మిది, పంకా బాగుచేయడానికి వచ్చిన వాడివీ, దారి అడగడానికి వచ్చినవాళ్ళవీ. వాళ్ళ చేత కూడా సంతకం పెట్టించాను. ఇదీ నా పెత్తనం. ఎవరి మీద చేశాను? పన్నెండు కుర్చీల మీద.

మిల్లులో ఒక రూలుంది. షిఫ్టు అయిపోయినా రిలీవరు వచ్చి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టి, మన చేతిలోంచి పని అందుకునేదాకా డ్యూటీ దిగకూడదు. వాడు రాకపోతే అక్కడే ఉండాలి. నేను కుర్చీ వదలలేక కాదు. నా రిలీవరు రాలేదు, అంతే. తాళం వేసి తాళం చెవి ఆఫీసులో పడేసి వచ్చేస్తే ఆ ఆరు వందల పుస్తకాలు ఏమవుతాయని రోజూ పోయాను.

ఈ లెక్క చూపిస్తే గది పోతుంది. చూపించకుండా దొంగ సంతకాలు పెట్టడం నాకు చేతకాదు. సిగ్గేసి రాయలేదు.

సొలొమోను

—

విశాఖపట్నం
12 డిసెంబరు 2001

మావయ్యా, మావయ్యా,

నన్ను 'గారు' అనకండి, ఏడుపొస్తోంది. మీ ఉత్తరం ఆఫీసు మేడ మెట్ల మీద కూర్చుని చదివాను. ఏడు వందల పన్నెండు రోజులు! నేను అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు తిట్టండి, పకోడీలు లేకుండా ఎండలో నిలబెట్టండి, ఒప్పుకుంటాను.

ఆ రిజిస్టరు దాచకండి. ఒక్క గీత కూడా మార్చకుండా తీసుకెళ్ళి ఆ ఆఫీసరు బల్లమీద పెట్టండి. దాని పక్కన నవంబరు 11 నాటి డెబ్భై మూడు సంతకాలు పెట్టండి. ముందు ఎలా ఉందో, ఇప్పుడు ఎలా కదిలిందో ఆయనే చూస్తారు. అంతకంటే గొప్ప ప్రణాళిక నాకు రాయడం రాదు.

ముగ్గురు అధ్యక్షుల సంగతి మాత్రం నాకు నిజంగా తెలియదు. మా శిక్షణ పుస్తకాల్లో ఆ చిక్కు లేదు. నేను ఇన్నాళ్ళూ మీకు చెప్పానే గానీ మిమ్మల్ని ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీ మిల్లులో ముగ్గురికి ఒకే పని అప్పజెప్పాల్సి వస్తే ఏం చేసేవారు?

క్రిస్మస్‌కి అత్తయ్యకి మోకాళ్ళ నూనె, మీకు కొత్త రిజిస్టరు పంపుతున్నాను. మందంగా ఉన్నది చూసి కొన్నాను.

మీ ఎవా

—

భిలాయి
3 ఫిబ్రవరి 2002

చిరంజీవి, బంగారుతల్లి ఎవాకు,

నువ్వు అడిగిన ప్రశ్న నేను రెండుసార్లు చదివి, మీ అత్తయ్యకి చదివి వినిపించి, పెద్దగా నవ్వాను. జవాబు నోట్లోనే పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు బతికాను.

జనవరి 29న ఆఫీసుకి వెళ్ళాం. నేను, సత్యలక్ష్మి, గురునాథరావు, అప్పలకొండ. దారిలో అప్పలకొండ నాతో మాట్లాడలేదు గానీ నా సంచీ మోశాడు. ఆఫీసరు సాహు సాబ్, ఇక్కడివాడే, కళ్ళజోడు ముక్కు చివర ఉంటుంది. కాగితాలు తిప్పి, "అధ్యక్ష్ కౌన్ హై?" అన్నాడు. ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇంకా ముగ్గురే ఉన్నారు.

సత్యలక్ష్మి పిల్లల సంగతి చెప్పింది. గురునాథరావు రిజర్వేషన్ల సంగతి చెప్పాడు. అప్పలకొండ, "హమ్ కో కోనే మే డాల్ దియా థా సాబ్" అని, తమని మూలకి గెంటేసిన నా బొమ్మ సంగతి చెప్పాడు. ఆ తర్వాత నేను మాట్లాడాను. చూశావా, చివర.

"సాబ్, మన మిల్లుకి ఫోర్‌మన్‌లు ఎంతమంది?" అని అడిగాను. "హర్ షిఫ్ట్ కా అలగ్" అన్నాడు, అంటే షిఫ్టుకొకడు. ఎందుకన్నాను. మిల్లు ఆగకూడదు కనక అన్నాడు. మా గది రెండేళ్ళు ఆగిపోయింది సాబ్, మళ్ళీ నడిపిస్తున్నాం, ఇక ఆగకూడదని ముగ్గురిని పెట్టుకున్నాం, షిఫ్టు మారినప్పుడు లాగ్‌బుక్కులో రాసి సంతకాలు పుచ్చుకుంటారు అని లాగ్‌బుక్కు చూపించాను. డిసెంబరు నుంచే మొదలుపెట్టాం. ఆయన చదవమంటే నేనే హిందీలో చెప్పాను. అప్పలకొండ రాసిన పేజీ: "పంకా కటకటలాడుతోంది. చూశాను. ఇంకా కటకటలాడుతోంది. గురునాథరావు గారికి అప్పగించడమైనది."

తర్వాత పాత రిజిస్టరు బల్లమీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. "యే సొలొమన్ కౌన్ హై?" అన్నాడు. నేనే సాబ్ అన్నాను. "రోజ్ ఆతే థే? అకేలే?" అన్నాడు. రోజూ అన్నాను. అప్పలకొండ నా వైపు తిరిగి, "ఓలమ్మా, ఒక్కరే ఏటండీ? మాకు సెప్పలేదేటి?" అన్నాడు. నాలుగు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

మూడేళ్ళు అడిగితే సాహు సాబ్ ఒక సంవత్సరం రాసిచ్చాడు. ఫారంలో ఒక్క పేరుకే చోటుంది కాబట్టి సత్యలక్ష్మి పేరు రాసి, తక్కిన ఇద్దరినీ ఉపాధ్యక్షులు చేశాడు. లోపల మీ ఇష్టం వచ్చిన షిఫ్టులు వేసుకోండి, వచ్చే జనవరిలో నేనే వచ్చి రిజిస్టరు చూస్తానన్నాడు. మీ మేడమ్‌కి చెప్పు, ఈసారి టీ పూర్తిగా తాగమను.

అదే సాయంత్రం కమిటీ కూర్చుంది. కార్యదర్శి ఎవరని సత్యలక్ష్మి అడిగి, నా వైపు చూసింది. రిలీవరు వచ్చాక డ్యూటీలో ఉండటం రూలుకి విరుద్ధం అన్నాను. మిల్లులో లాగే తాళం చెవి బల్లమీద పెట్టి, లాగ్‌బుక్కులో రాశాను: "బీరువాలు రెండు, పుస్తకాలు ఆరు వందల నాలుగు, పంకా ఒకటి, అన్నీ సరిగా ఉన్నవి, పంకా తప్ప." ఆ పని తను చూస్తానని అప్పలకొండ సంతకం పెట్టి అందుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు.

ఈరోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక పడుకుని లేస్తే ఐదున్నర. అలవాటుకొద్దీ చొక్కా వేసుకుని, జేబు తడుముకుని, తాళం చెవి లేదని గుర్తొచ్చింది. అయినా వెళ్ళాను. తలుపు తీసి ఉంది. బల్లకి ఒకవైపు పదో తరగతి చదివే రజని, ముసలి సింహాచలమ్మకి రేషను కార్డు ఫారం నింపి పెట్టింది. అవతలివైపు నుంచి సింహాచలమ్మ రజని నోటుబుక్కులో అ, ఆలు దిద్దిస్తూ, "ఇలాగేటే రాసేది, సక్కగా తిప్పు" అని గదమాయిస్తోంది. "అరే దాదీ, ధీరే సే", నెమ్మదిగా అవ్వా, అంటోంది ఆ పిల్ల. నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు. పేపరు గురునాథరావు చేతిలో ఉంది, ఆయన తర్వాత ఇంకా ఇద్దరున్నారు. నా ఇరవై మూడేళ్ళ హయాంలో పేపరు కోసం ఎదురుచూడటం అనేది లేదు. ఒళ్ళు మండింది.

నువ్వు పంపిన కొత్త రిజిస్టరులో ఈరోజు పేజీ తీశాను. నా పేరు రాయడానికి మొదటి గీత దగ్గర కలం పెట్టబోయి ఆగాను. అక్కడ చోటు లేదు. పదమూడు సంతకాలున్నాయి. వాటి కింద నాది పెట్టి, పేపరు కోసం వరసలో కూర్చున్నాను.

నీ మావయ్య,
సొలొమోను
వరస సంఖ్య 14